బటన్ గీశాం సరే, నొక్కితే ఏమవ్వాలి?

పోయిన ఎపిసోడ్‌లో క్యూటీ డిజైనర్‌లో విండో గీశాం కదా. ఈరోజు దానికి పైథాన్ కోడ్ కలుపుదాం.

మన నూజివీడు మామిడి సీజన్‌నే ఎగ్జాంపుల్‌గా తీసుకుందాం. చిన్నరసాలో, బంగినపల్లో, ఒక్కో ట్రే తూకం టైప్ చేసి "కలుపు" నొక్కితే రైతు మొత్తం కిలోలు పెరగాలి. ఇప్పుడు నొక్కి చూడండి. బటన్ లోపలికి వెళ్లి పైకొస్తుంది, అంతే! ఎందుకంటే డిజైనర్ సేవ్ చేసిన యూఐ ఫైల్‌లో బటన్ పేరు, చోటు, సైజు ఉన్నాయి. చెయ్యాల్సిన లెక్క లేదు.

నొక్కగానే బటన్ "క్లిక్డ్" అనే సిగ్నల్ పంపిస్తుంది. అది అందగానే నడిచే ఫంక్షన్‌ని స్లాట్ అంటారు. రెండిటినీ కలిపేది కనెక్ట్. కనెక్ట్ బ్రాకెట్లో ఫంక్షన్ పేరు మాత్రమే రాయండి. ఆ పేరు పక్కన మళ్లీ బ్రాకెట్లు పెట్టారా, ఎవరూ నొక్కకముందే ఫంక్షన్ నడిచేస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఫంక్షన్ పేరు ఆన్, అండర్‌స్కోర్, బటన్ పేరు, అండర్‌స్కోర్, క్లిక్డ్ అని పెడితే, లోడ్ యూఐ తనే కనెక్ట్ చేసేస్తుంది. మనం కూడా కనెక్ట్ రాస్తే ఒక్క నొక్కుకి కనీసం రెండుసార్లు నడుస్తుంది. 20 కిలోల ట్రే కనీసం 40 అయిపోతుంది, ఎర్రర్ కూడా రాదు! అందుకే వేరే పేరు పెట్టి, మనమే ఒక్కసారి కనెక్ట్ చేద్దాం.

ముందు రెండు ట్రేలు కలిపి, చేత్తో లెక్కేసి సరిచూసుకోండి. రైతు చూసేది మన కోడ్ కాదు, చీటీ మీద అంకె. తేడా వస్తే నష్టపోయేది మనుషులే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!