కడుపులో గడ్డ కంటికి కనపడదు



చేతి మీద సెగగడ్డ లేస్తే అందరికీ కనపడుతుంది. ఎర్రగా వాస్తుంది, సలుపుతుంది, చీము పడుతుంది. అలాంటి గడ్డే కడుపు లోపల లేస్తే? కంటికి కనపడదు. అందుకే చాలామంది దాన్ని గ్యాస్ నొప్పి అనుకుంటారు. వేడి చేసిందనుకుంటారు. రోజులు గడిచిపోతాయి. చివరికి ప్రాణం మీదికి వస్తుంది.

కడుపులో చీముగడ్డలు చాలా రకాలు. మన దేశంలో తరచుగా చూసే వాటిలో ఒకటి కార్జంలో లేచే గడ్డ. కార్జాన్నే కాలేయం, లివర్ అని కూడా అంటారు. అది కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది.

గడ్డ ఎలా వస్తుంది?

కొన్ని గడ్డలు బాక్టీరియా వల్ల వస్తాయి. చాలా గడ్డలకు కారణం అమీబా అనే క్రిమి. అది మనిషి మలంలో నుంచి నీళ్లలోకి, పచ్చి కూరగాయల మీదికి, తిండి మీదికి చేరుతుంది. నోటి ద్వారా పేగుల్లోకి పోతుంది. కొందరికి జిగట విరేచనాలు అవుతాయి. కొందరికి ఏమీ కాదు. కానీ క్రిమి పేగు గోడను తొలిచి, రక్తంలో కలిసి, కార్జానికి చేరగలదు. అక్కడ కండను కరిగిస్తుంది. అదే గడ్డ. "విరేచనాలే లేవు, గడ్డ ఎక్కడిది?" అనుకోకూడదు.

ఆడవాళ్లకన్నా మగవాళ్లకు ఇది చాలా ఎక్కువ. కల్లు, సారా బాగా తాగేవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

గుర్తులు ఏమిటి?

ఒక కూలీ సంగతి అనుకుందాం. చలి పెట్టి జ్వరం వచ్చింది. కుడి పక్కటెముకల కింద నొప్పి. దగ్గినా, గట్టిగా ఊపిరి పీల్చినా నొప్పి ఎక్కువవుతోంది. కుడి భుజం కూడా లాగుతోంది. అన్నం సయించదు. జ్వరం బిళ్ల వేసుకుంటే తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ వస్తుంది. ఇంట్లో ఒకరు వాత పెట్టిద్దామంటారు. వాత చర్మాన్ని కాలుస్తుంది. లోపలి గడ్డను తాకదు.

ఆ కూలీ వెంటనే ఆసుపత్రికి పోవాలి. డాక్టరు కడుపు స్కానింగ్ చేయిస్తారు. గర్భిణులకు చేసే స్కానింగ్ లాంటిదే ఇది. నొప్పి ఉండదు. గడ్డ ఎక్కడుందో, ఎంత ఉందో తెలుస్తుంది. రక్త పరీక్ష కూడా చేస్తారు.

వైద్యం ఉందా?

ఉంది. అమీబా గడ్డకు మెట్రోనిడజోల్ అనే మందు ఇస్తారు. మామూలుగా 7 నుంచి 10 రోజులు వాడాలి. మూడు నాలుగు రోజుల్లోనే చాలామందికి జ్వరం తగ్గుతుంది. "నయమైందిలే" అని మందు మానేస్తారు. అది పొరపాటు. ఆ కోర్సు అయ్యాక, పేగుల్లో మిగిలిన క్రిములు చావడానికి డాక్టరు ఇంకో మందు రాస్తారు. అదీ పూర్తిగా వాడాలి. మందు వాడే రోజుల్లో కల్లు, సారా ముట్టకూడదు.

గడ్డ మరీ పెద్దదైతే, స్కానింగ్‌లో చూస్తూ సూదితోగానీ, సన్నని గొట్టంతోగానీ చీము తీస్తారు. పెద్ద కోత పెట్టే అవసరం చాలాసార్లు రాదు. ఆలస్యం చేస్తే గడ్డ కడుపులోకో, ఛాతీలోకో పగలవచ్చు. ఉన్నట్టుండి కడుపంతా రాయిలా గట్టిపడినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయాలి.

రాకుండా ఏం చేయాలి?

మరుగుదొడ్డి వాడాలి. దొడ్డికి వెళ్లి వచ్చాక, అన్నం ముందు సబ్బుతో చేతులు కడగాలి. నీళ్లు బాగా మరగనిచ్చి, చల్లార్చి తాగాలి. నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేసినంత మాత్రాన ఈ క్రిమి చావకపోవచ్చు. తిండి మీద ఈగలు వాలకుండా మూత పెట్టాలి.

జ్వరం, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఈ రెండూ కలిసి వస్తే ఇంట్లో కూర్చోవద్దు. స్కానింగ్ చేయించుకోవాలి.

చర్చించండి:
1. వాత పెడితే లోపలి గడ్డ ఎందుకు తగ్గదు?
2. జ్వరం తగ్గినా మందులు ఎందుకు పూర్తిగా వాడాలి?