పాతర గడ్డి, కోత యంత్రం: ఊరికి సొమ్ము పంపే ముందు వేసుకోవలసిన లెక్క



కామాఠిపుర పేరులోనే కాయకష్టం ఉంది. పద్దెనిమిదవ శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ నగరంలో గోడలు లేపిన తెలుగు కామాటీలు కాపురముండిన చోటు కనుక దానికి ఆ పేరు నిలిచింది. తరువాతి కాలంలో కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు బట్టల మిల్లుల పనికి వచ్చి, 1920లలో కట్టిన వర్లీ, నాయగావ్ బి.డి.డి. చాళ్లలో స్థిరపడ్డాయి. పాలమూరు నుంచి కట్టడపు పనులకు వచ్చేవారి బస్సు నేటికీ ఆగలేదు. ఈ కుటుంబాల్లో చాలావాటికి సొంతూరిలో ఎకరమో రెండెకరాలో భూమి, కొట్టంలో రెండు మూడు బర్రెలు ఇంకా ఉన్నాయి. వాటిని చూసుకునేది ముసలి తల్లిదండ్రులు. గడ్డి కోయవలసిన చేతులు ముంబయిలో ఉన్నాయి. ఆ చేతుల లోటును పూడ్చడానికే ఇప్పుడు ఊళ్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి: "ట్రాక్టరుకు తగిలించే గడ్డి కోత యంత్రం కొందాం, సొమ్ము పంపు."

ఆ సొమ్ము చాలీలో ఒకే గదిలో అయిదుగురు సర్దుకుని కూడబెట్టినది. అది పంపే ముందు యంత్రం ఏమి చేస్తుందో, ఎవరికి పనికివస్తుందో, ఎక్కడ ప్రమాదమో తెలిసి ఉండడం అవసరం.

ముందుగా పాతర గడ్డి సంగతి. పూర్వం జొన్నలను నేలలో తవ్విన పాతరలో పోసి, గాలి చొరకుండా మూసి, కరువునాటికి దాచుకునేవారు. పచ్చిమేతను దాచే పద్ధతి కూడా ఆ దారిలోనిదే. ఇంగ్లీషులో సైలేజి అంటారు. పచ్చి మొక్కజొన్న మొక్కను కండెతో సహా ముక్కలుగా కోసి, గట్టిగా తొక్కి, గాలి తగలకుండా కప్పితే, మొక్కలోని చక్కెరను సూక్ష్మజీవులు పులియబెట్టి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పెరుగును పుల్లబరచేది కూడా ఈ ఆమ్లమే. ఆ పులుపు పి.హెచ్. 4 దగ్గరికి దిగితే, కుళ్లబెట్టే క్రిములు పెరగలేవు. సుమారు 45 రోజులకు మేత సిద్ధమవుతుంది. మూత తీయనంత కాలం నెలల తరబడి నిలుస్తుంది. ఫిబ్రవరి మొదలు మే దాకా పచ్చిగడ్డి దొరకని నేలలో పాలు తగ్గకుండా కాపాడేది అదే.

ఇందులో కోత యంత్రం చేసే మేలు రెండు విధాలు. ఒకటి వేగం. మొక్కజొన్న గింజ పాలు పట్టి పిండిగా గట్టిపడుతున్న దశలో, మొక్కలో తేమ నూటికి 65 నుంచి 70 పాళ్లు ఉన్నప్పుడు కోయాలి. ఆ అదను వారం పది రోజులకు మించి ఉండదు. రెండవది ముక్క పరిమాణం. ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలైతేనే పాతరలో గట్టిగా అణుగుతాయి. పొడుగు ముక్కల నడుమ గాలి నిలుస్తుంది. గాలి నిలిచిన చోట బూజు పడుతుంది.

ట్రాక్టరుతో నడిచే యంత్రాల్లో ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఫ్లెయిల్ రకం. తిరిగే ఇరుసుకు వేలాడే కత్తులు గడ్డిని బాది తెంపి, గొట్టం గుండా ట్రాలీలోకి ఊదుతాయి. నిర్మాణం తేలిక, మరమ్మతు ఊళ్లోనే చేయించుకోవచ్చు. కాని ముక్కలు సమంగా రావు, మట్టి కూడా పైకి లేచి మేతలో కలుస్తుంది. దగ్గరగా పెరిగే గడ్డికి ఇది ఎక్కువగా సరిపడుతుంది. రెండవది ముక్కను కొలతగా కోసే రకం. సాళ్లలోని మొక్కలను రోలర్లు లోపలికి లాగితే, డ్రమ్ముకో చక్రానికో బిగించిన కత్తులు వాటిని ఎదురు కత్తికి ఆనించి తరుగుతాయి. మొక్కజొన్నకు, జొన్నకు ఇది తగినది. ఒక సాలు కోసే చిన్న యంత్రానికి కూడా సాధారణంగా 45 హెచ్.పి. పైబడిన ట్రాక్టరు కావాలి. పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరగాలి. ఊళ్లోని 35 హెచ్.పి. పాత ట్రాక్టరుకు దీన్ని తగిలిస్తే, ఇంజను ముక్కుతుంది, వేగం పడిపోతుంది, గొట్టం పూడుకుపోతుంది. కనుక యంత్రం ధర అడిగే ముందు ట్రాక్టరు బలం అడగాలి.

తగిలించే తీరును కూడా చూడాలి. సొంత చక్రాల మీద ట్రాక్టరు వెనుక లాగించే యంత్రానికి, దాని వెనుక ట్రాలీ కూడా కట్టితే, మలుపు తిరగడానికి పెద్ద చోటు కావాలి. అరెకరం, ముప్పాతికెకరం మడుల్లో అంత చోటు ఎక్కడిది? ట్రాలీని పక్కనే నడిపించాలంటే రెండవ ట్రాక్టరు, రెండవ డ్రైవరు కావాలి. చిన్న కమతాలకు ట్రాక్టరు మూడు పాయింట్ల లింకేజికి ఎత్తి తగిలించే యంత్రమే వీలుగా ఉంటుంది.

ఇక అసలు లెక్క. నాలుగు బర్రెలకు రోజుకు 20 కిలోల చొప్పున, వేసవిలో 120 రోజులకు 9,600 కిలోలు కావాలి. వృథా పోయేది కలిపితే సుమారు పదకొండు టన్నులు. నీటి వసతి ఉన్న మొక్కజొన్న ఎకరానికి 15 టన్నుల పచ్చిమేత ఇస్తే, ముప్పాతిక ఎకరం చాలు. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు ఉండి, గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో నడిచే ఒక సాలు యంత్రం, మలుపులతో కలిపి ఎకరాన్ని సుమారు మూడు గంటల్లో కోస్తుంది. అంటే ఈ కుటుంబానికి యంత్రంతో పని ఏడాదికి సుమారు రెండుంబావు గంటలు. అంతటి పనికి యంత్రం కొని, మిగిలిన రోజులన్నీ వేపచెట్టు కింద తుప్పు పట్టించడం తగదు. అలాంటివారికి యంత్రాన్ని అద్దెకు తెచ్చుకోవడమో, కోసిన మొక్కలను విద్యుత్తుతో నడిచే చాఫ్ కట్టర్‌లో తరగడమో మేలు.

కొనడం లాభించేది ఇరవై, ముప్పై కుటుంబాలు కలిసినప్పుడు. యంత్రం రోజుకు రెండెకరాలు కోస్తే, పదిహేను రోజుల్లో ముప్పై ఎకరాలు అవుతాయి. అయితే అందరూ ఒకే రోజు విత్తితే, అందరి పంటకూ ఒకే వారంలో అదను వస్తుంది. చివరి మడి దగ్గరికి యంత్రం చేరేసరికి మొక్క ఎండిపోయి ఉంటుంది. అందుచేత సంఘంగా కొనేవారు డబ్బు కంటే ముందు విత్తే తేదీల పట్టిక తయారు చేసుకోవాలి. తేదీలు కుదరని చోట యంత్రం తగవుకే కారణమవుతుంది.

పాతర కొలత కూడా బర్రెల లెక్కను బట్టే ఉండాలి. తెరిచిన ముఖం నుంచి రోజూ కనీసం నాలుగంగుళాల మందం తీయకపోతే, వేసవి ఎండకు ఆ ముఖం వేడెక్కి చెడుతుంది. నాలుగు బర్రెలకు పెద్ద గొయ్యి తవ్వితే, తిన్నదాని కంటే పారబోసేదే ఎక్కువవుతుంది. నాలుగడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు, 27 అడుగుల పొడవు గల రెండు పాతరలు వారికి సరిపోతాయి. ఒకటి అయిపోయిన తరువాతనే రెండవది తెరవాలి. ఇంత ఇరుకులో ట్రాక్టరు తొక్కలేదు కనుక, అరడుగు మందం పోసిన ప్రతిసారీ మనుషులే తొక్కాలి. నింపడం ఒకటి రెండు రోజుల్లో ముగించి, పాలిథిన్ పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేయాలి.

తేమ చూడడానికి పరికరాలు అక్కర్లేదు. తరిగిన మేతను పిడికిట నొక్కి వదిలితే, నీరు కారకుండా, ముద్ద మెల్లగా విచ్చుకుంటే అది తగిన తేమ. నీరు కారితే ఒక పూట వాడనివ్వాలి. నేపియర్ వంటి గడ్డిలో తేమ ఎక్కువ, చక్కెర తక్కువ. దానిని కోశాక వాడనిచ్చి, టన్నుకు పది ఇరవై కిలోల బెల్లపు మడ్డి కలిపితే బాగా పులుస్తుంది. సిద్ధమైన పాతర గడ్డి పసుపుపచ్చగా, పుల్లని వాసనతో ఉంటుంది. నల్లబడినదీ, బూజు పట్టినదీ, కుళ్లు వాసన కొట్టేదీ పశువుకు పెట్టరాదు. ముఖ్యంగా చూడి పశువుకు అసలే పెట్టరాదు.

యంత్రం నడిపేవారు కత్తులను రోజూ చూసి సాన పట్టాలి. ఎదురు కత్తికీ, తిరిగే కత్తికీ నడుమ సందు కంపెనీ పుస్తకంలో చెప్పినంతే ఉండాలి. మొద్దు కత్తి మొక్కను కోయదు, చింపుతుంది. డీజిలు మాత్రం ఎక్కువ తాగుతుంది. ఎర్రచెలకల్లో రాళ్లు సాధారణం కనుక, కోతకు ముందు మడిని ఒకసారి నడిచి చూసి రాళ్లు, తీగముక్కలు ఏరివేయాలి. కోత నేలకు నాలుగు నుంచి ఆరంగుళాల ఎత్తున ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్క నియమం. గొట్టమో రోలరో పూడుకున్నప్పుడు, ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, డ్రమ్ము పూర్తిగా నిలిచే దాకా ఆగిన తరువాతనే చేయి పెట్టాలి. పి.టి.ఓ. తప్పించినా బరువైన చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. లాగే రోలరు పట్టుకున్న మొక్కను మనిషి వదిలేలోపే చేయి లోపలికి పోతుంది. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే, ఆ రోజు పని ఆపాలి. చీర కొంగు, తువ్వాలు, ధోవతి అంచు షాఫ్టుకు చుట్టుకుంటే మనిషి బ్రతకడం కష్టం. లోతైన గొయ్యిని నింపిన తరువాత తొలి వారాల్లో అందులోకి దిగరాదు. పులిసే మేత నుంచి వెలువడే వాయువులు బరువైనవి, అడుగున నిలుస్తాయి, ఊపిరి తీస్తాయి. పిల్లలను ఆ దరిదాపుల్లోకి రానీయరాదు.

ప్రభుత్వ సాయం సంగతి. జాతీయ పశుగణ మిషన్ 2021లో సవరించబడిన తరువాత, సైలేజి తయారీ వంటి పశుగ్రాస యూనిట్లకు పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల వరకు రాయితీ ఏర్పాటు ఉంది. వ్యక్తులతో పాటు స్వయం సహాయక సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు కూడా అర్హులే. అయితే అది వ్యాపారంగా నడిపే యూనిట్లకు ఉద్దేశించినది. నాలుగు బర్రెల ఇంటికి దగ్గరి దారి యంత్రాల అద్దె కేంద్రమే. మండల వ్యవసాయ అధికారినీ, పశువైద్యాధికారినీ అడిగితే, ఏ ఊళ్లో ఏ యంత్రం అద్దెకు ఉన్నదో తెలుస్తుంది.

ముంబయిలో ఉన్నవారు ఫోన్‌లో ఊరివారిని అడగవలసిన ప్రశ్నలు అయిదు. ట్రాక్టరు ఎన్ని హెచ్.పి.? ఎన్ని ఎకరాల కోత నిశ్చయంగా ఉంది? విడి కత్తులు, బేరింగులు ఏ పట్టణంలో దొరుకుతాయి? నడిపేది ఎవరు, అతనికి నేర్పినది ఎవరు? షాఫ్టు మీద తొడుగు ఉందా? అయిదింటికీ జవాబు వచ్చిన తరువాతనే సొమ్ము కదలాలి. రాని పక్షంలో ఈ ఏటికి అద్దె యంత్రంతో ఒక చిన్న పాతర నింపి, వేసవిలో పాల లెక్క చూసుకుని, వచ్చే ఏటికి నిర్ణయించుకోవచ్చు. ఒక ఏడు ఆగినందువల్ల పోయేది కొద్దిపాటి అద్దె సొమ్మే.