ఊరి ఉమ్మడి ధర్మనిధి

పూర్వము కాశీకో, రామేశ్వరమునకో కాలినడకను పోవు బాటసారులకై ధర్మాత్ములు దారి పొడుగునను సత్రములు కట్టించి, వాని పోషణకు మాన్యములు వ్రాసి యిచ్చెడివారు. పిమ్మట రైళ్లు వచ్చెను, బస్సులు వచ్చెను. కాలినడకను పోవువారు తగ్గిరి. దానపత్రములోని వ్రాత మాత్రము మారలేదు. అదే ఊరిలో మందునకు, చదువునకు దిక్కులేనివారున్నను, సత్రపు పైకమును వారికి మరలించు స్వతంత్రము ధర్మకర్తకు లేదు. దాత మనసులో నుండినది పరోపకారము. పత్రములో మిగిలినది బాటసారి మాత్రమే. ఈ చిక్కును తప్పించుటకు కనిపెట్టిన ఒక ఏర్పాటును గూర్చి నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో సెయింట్ లూయీ నగరమునకు మేయరుగా పనిచేసిన బ్రయన్ ములన్ఫీ 1851లో మరణించెను. ఆ నగరము మీదుగా పడమటి సీమలకు వలసపోవు బీదల సహాయమునకై ఆయన తన ఆస్తిలో మూడవ వంతు వ్రాసి యిచ్చెను. ఆనాటికి అది గొప్ప అవసరమే. కాని కాలక్రమమున ఆ వలసబండ్లు నిలిచిపోయెను. వానికై ఉంచిన ధనము మాత్రము నిలిచియుండెను. గతించినవారి కోరిక బ్రతికియున్నవారి అవసరమునకు ఇట్లు అడ్డుపడుటను ఇంగ్లీషువారు ‘చచ్చినవాని చేయి’ అందురు.

ఒహాయో రాష్ట్రమందలి క్లీవ్‌లండ్ నగరమున ఫ్రెడరిక్ గాఫ్ అను న్యాయవాది 1908లో ఒక ట్రస్టు బ్యాంకునకు అధ్యక్షుడయ్యెను. ఇతరుల ఆస్తులను వారి వీలునామాల ప్రకారము నడపుట అట్టి బ్యాంకుల పని. కనుక చచ్చినవాని చేయి ఎంత బలమైనదో ఆయన దగ్గరనుండి చూడగలిగెను. 1914 జనవరి 2వ తేదీన ఆ బ్యాంకు డైరెక్టర్లు చేసిన తీర్మానముతో క్లీవ్‌లండ్ ఫౌండేషన్ పుట్టెను. ఊరి ఉమ్మడి ధర్మనిధులలో ప్రపంచమునకెల్ల అదియే మొదటిది.

ఆరంభమున దాని ఏర్పాటు ఇట్టిది. ఎందరు దాతలైనను తమ ధనమును ఒక్క నిధిలో చేర్పవచ్చును. మూలధనమును బ్యాంకు కాపాడెడిది. ఆదాయమును ఎవరికి ఈయవలెనో నిర్ణయించుటకు ఐదుగురు పురవాసులతో ఒక సంఘముండెను. వారిలో ఇద్దరిని బ్యాంకు నియమింపగా, తక్కిన మువ్వురిని మేయరొకనిని, ఇద్దరు న్యాయాధిపతులు ఒక్కొక్కనిని చొప్పున నియమింపవలసియుండెను. రాజకీయ పదవిలో ఉన్నవారును, దానిని కోరువారును అందులో చేరరాదని నియమముండెను. ఒకే మతశాఖవారు ఇద్దరికి మించరాదనియు నుండెను. దాత తన కోరికను తెలుపవచ్చును; దానికి కాలము చెల్లినపుడు ఆ ధనమును వేరొక మంచిపనికి మరలించు అధికారము సంఘమునకు కలదు. తాళపుచెవి ఒకరిచేత, పంపకము మరియొకరిచేత నుండుటయే ఇందలి కిటుకు.

నిధి నిండుటకు ఏండ్లు పట్టును. అంతవరకు గాఫ్ ఊరక కూర్చుండలేదు. ఇచ్చుటకు ముందు ఊరికేమి కావలెనో తెలిసికొనవలెనని ఆయన తలచెను. 1915, 1916 సంవత్సరములలో లెనర్డ్ ఏయర్స్ ఆధ్వర్యమున ఫౌండేషన్ ఆ నగర పాఠశాలలను పరిశీలింపజేసెను. నివేదికలు 25 సంపుటములయ్యెను. నగరమున నేరవిచారణ జరుగు తీరుపై 1922లో వెలువడిన నివేదికను రాస్కో పౌండ్, ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ వంటి న్యాయకోవిదులు నడిపించిరి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట దానమే. ఆ ఆకలి ఏల కలిగెనో విచారించుటయు దానమేయని మా అభిప్రాయము.

ఈ పద్ధతి షికాగోకు 1915లోను, కెనడాలోని విన్నిపెగ్‌కు 1921లోను, న్యూయార్కునకు 1924లోను వ్యాపించెను. విన్నిపెగ్ నిధికి విలియం ఆలోవే అను బ్యాంకరు లక్ష డాలర్లతో పునాది వేసెను. రెండవ విరాళము 1924లో ఒక కవరులో వచ్చెను. అందు మూడు బంగారు నాణెములు, వెరసి 15 డాలర్లు. దాత పేరు లేదు. బైబిలు కథను తలపించునట్లు ‘విధవరాలి కాసు’ అని మాత్రము వ్రాసియుండెను. విడిగా నుండిన ఆ 15 డాలర్లు ఏ ధర్మమును నిలుపజాలవు. లక్షతో కలిసినందున అవియును చిరకాలము పనిచేయగలవు. మన దేశమున 1991లో బొంబాయిలో ఇట్టి ఉమ్మడి ధర్మనిధి ఏర్పడెను.

చిన్న సంస్థలకు దీనివలన కలుగు మేలు లెక్కవేసి చూతము. పదివేల రూపాయల దానమునకు నూటికి ఆరు చొప్పున ఏటికి 600 వచ్చును. దానితో ఒక అనాథశరణాలయము లెక్కలు వ్రాయు గుమాస్తాకైనను జీతమీయజాలదు. నూరుగురు దాతలు కలిసిన 60,000 అగును. లెక్క ఒకటి, ఆడిటు ఒకటి. అంధుల పాఠశాలయు, పల్లెలోని వైద్యశాలయు తమ అవసరమును చెప్పుకొనుటకు గుమ్మములన్నియు తిరుగనక్కరలేదు.

అయితే ఒక సందేహము కలుగకమానదు. దాత మాటను మార్చుటకు ఆ ఐదుగురెవరు? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అంధులకని ఇచ్చిన సొమ్మును పెద్దల అభిరుచినిబట్టి మరియొకదానికి మరలించిన, ఆ ఊరిలో మరల ఎవ్వరును దానము చేయరు. కావున అవసరము తీరినపుడో, నెరవేర్చుట అసాధ్యమైనపుడో మాత్రమే మార్పు చేయవలెను. మార్పునకు కారణమును, ఏటేటి లెక్కలను బహిరంగముగా ప్రకటింపవలెను. సంఘమున ధనవంతులే గాక, లేమి నెరిగినవారును కూర్చుండవలెను.

మన దేశమునను సివిల్ ప్రొసీజరు కోడు 92వ సెక్షను క్రింద కోర్టు ధర్మము యొక్క ఉద్దేశమును మార్పగలదు. కాని వ్యాజ్యమన వ్యయము, కాలహరణము. ఆ వ్యయము బీదల సొమ్మునుండియే పోవును. నేడు దానపత్రము వ్రాయువారు అందులో ఒక్క వాక్యమును అదనముగా చేర్చిన చాలును: “ఈ అవసరము తీరిన పిమ్మట, ఆనాటి ఊరివారు విచారించి, దీనికి దగ్గరి అవసరమునకు ఈ ధనమును వినియోగింపవచ్చును.” ఆ వాక్యము లేక వ్రాసిన పత్రమునకు మూల్యము చెల్లించువారు, ఆనాటికి పుట్టబోవు బీదలే.