అప్పుల దిగులు మన ఒంటిని ఏం చేస్తోంది?

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా గిట్టుబాటు ధర, అప్పు, నకిలీ విత్తనాల గురించి మాట్లాడుకుంటాం. ఇవన్నీ కలిసి మన ఒంటిని ఏం చేస్తున్నాయో ఈ రోజు మాట్లాడుకుందాం.

మన రెండు కిడ్నీల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. వాటిని అడ్రినల్ గ్రంథులంటారు. రాత్రిపూట మోటారు వేయడానికి పోతుంటే గట్టు మీద పాము కనబడిందనుకోండి. గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, కాళ్లకు ఎక్కడలేని బలం వస్తుంది. అదంతా ఈ గ్రంథులు వదిలే అడ్రినలిన్ పని. దాని వెనకే కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి, రక్తంలో చక్కెర పెంచి ఒంటికి శక్తినిస్తుంది. పాము పోయాక కాసేపటికి అంతా సర్దుకుంటుంది.

అప్పు మాత్రం అలా పక్కకు పోదు. వాన రాలేదని, బోరు ఎండిందని, యార్డులో ధర పడిపోయిందని, వడ్డీ వ్యాపారి మళ్లీ ఫోన్ చేశాడని నెలల తరబడి గుండెల మీద కూర్చుంటుంది. కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి రాత్రికి తగ్గాలి. ఎడతెగని దిగులుతో ఆ లెక్క తప్పుతుంది. నిద్ర పట్టదు. బీపీ, షుగర్ పెరిగే ప్రమాదం ఉంటుంది. ఊరికే కోపం వస్తుంది, ఇంట్లో గొడవలవుతాయి. దీన్ని పిరికితనం అనుకుని సిగ్గుపడొద్దు.

‘అడ్రినల్ గ్రంథి అలసిపోయింది’ అంటూ పొడులు, మాత్రలు అమ్మేవాళ్లున్నారు. అలాంటి జబ్బును హార్మోన్ల వైద్యులు ఒప్పుకోరు. వాటికి డబ్బు తగలేయొద్దు. అయితే తగ్గని నీరసం, బరువు తగ్గడం, చర్మం నల్లబడటం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉంటే నిజంగానే గ్రంథి దెబ్బతిని ఉండొచ్చు. డాక్టరుకు చూపించుకోవాలి. నొప్పులకు స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడినవాళ్లు డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానకూడదు.

ఖర్చు లేకుండా మనం చేయగలిగినవీ ఉన్నాయి. రోజూ ఒకే వేళకు పడుకోవాలి. సాయంత్రం దాటాక టీ మానాలి. మందు తాగితే నిద్ర పట్టినట్టే ఉంటుంది కానీ నడిరాత్రి మెలకువ వస్తుంది. రోజుకు 5 నిమిషాలు నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలాలి. అన్నిటికంటే ముఖ్యం, అప్పు లెక్క ఇంట్లో వాళ్ల దగ్గర దాచకుండా చెప్పుకోవడం.

వీటితో అప్పు తీరదని మనకూ తెలుసు. ఖర్చుకు యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ 2006లోనే చెప్పింది. కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఈనాటికీ గగనమే. ఆ పోరాటం ఆపేది లేదు. పోరాడాలంటే ముందు మనం బతికి ఉండాలి.

అందుకే ఈ నెల నుంచి ప్రతి ఊళ్లో ఇద్దరు సభ్యులం పంట పోయిన ఇళ్లకు వెళ్లి పలకరిద్దాం. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకుండా, ఊరికొక చోట తాళం వేసి పెట్టుకుందాం. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అర్ధరాత్రయినా మన సంఘం తలుపు కూడా తట్టండి.