పరుగు పందెం – సరియైన కొలత
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శతవార్షికోత్సవ సదస్సులో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "నేను ప్రసంగీకుణ్ణి కానండీ, లెక్కల మాస్టార్ని" అన్నాను. "మీ పరుగు గురించే చెప్పండి. ఊరంతా చూస్తున్నదే కదా" అన్నారు. అలా ఈ వేదిక ఎక్కాను. చెప్పబోయేది గొప్ప విజయగాథ కాదు. ఒక తప్పు గురించి. ఆ తప్పు నాది.

పరుగు మన సంఘానికి కొత్త మాట కాదు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో పందెపు రంగం ప్రస్తావన తెచ్చాడు. కొరింథు సమీపంలో రెండేళ్ళకొకసారి ఇస్త్మియా క్రీడలు జరిగేవి. గెలిచినవాడికి ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. చదివేవారికి పందెం అంటే ఏమిటో కళ్ళకు కట్టినట్టు తెలుసు గనుకనే ఆయన ఆ పోలిక వాడాడు.

మాది చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు వెళ్ళే దారిలో ఒక పల్లె. 2022లో జిల్లాలు మారినా, గుంటూరు ప్రకాశం జిల్లాల మధ్యవాళ్ళమనే ఇప్పటికీ చెప్పుకుంటాం. నల్లరేగడి నేల. పత్తి, మిరప తప్ప మాకు వేరే మాట లేదు. నలభై తొమ్మిదో ఏట నాకు చక్కెర వ్యాధి ఉన్నదని తేలింది. డాక్టరుగారు నడవమన్నారు. నడక మెల్లగా పరుగైంది. పత్తి తీయడానికి వెళ్ళే అమ్మలు ఆటోలోంచి తొంగి చూసి, "ఏం మాస్టారూ, ఎవరు తరుముతున్నారు?" అని నవ్వేవారు. ఏడాది తిరిగేసరికి నాతో మరి ఆరుగురు చేరారు. వారిలో మిర్చి యార్డులో గుమాస్తా ఒకరు, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే సోదరి ఒకరు, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న ఒక కుర్రవాడు.

మా ప్రాంతంలో పరుగెత్తడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. వాన పడితే రేగడి చెప్పులకంటుకుని ఒక్కొక్క కాలూ వీశె బరువవుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి కళ్ళాల్లో మిరపకాయ ఆరబోస్తారు. గాలి ఇటు తిరిగిందంటే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు పైకి రాకముందే ఇల్లు చేరాలి. అందుకే తెల్లవారుజామున నాలుగున్నరకు చర్చి గేటు దగ్గర కలిసేవాళ్ళం.

దూరం తెలియాలి కదా. నా మోటారు సైకిలు మీటరు చూసి కొలిచాను. చర్చి గేటు నుంచి కాలువ వంతెన దాకా సరిగ్గా 1.6 కిలోమీటర్లు చూపించింది. అంటే 1600 మీటర్లు. పోలీసు ఎంపికలో పరుగెత్తవలసిన దూరం కూడా అదే. ఎంత బాగా కుదిరిందో అని సంతోషించాను. వంతెన దగ్గర ఒక రాయి పాతి సున్నం పూశాను. నర్సు సోదరి మాత్రం మాతో రోడ్డు మీదికి వచ్చేది కాదు. చీకట్లో ఆడవాళ్ళకు రోడ్డు క్షేమం కాదని పాఠశాల మైదానంలోనే పరుగెత్తేది. అక్కడ టేపుతో కొలిచి గీసిన 200 మీటర్ల బాట ఉంది. ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క చింతగింజ పక్కన పెట్టేది. ఇరవై అయిదు గింజలైతే అయిదు కిలోమీటర్లు. మేము నవ్వేవాళ్ళం.

2023 ఆగస్టు 27న హైదరాబాదు మారథాన్‌లో సగం దూరం, అంటే 21 కిలోమీటర్ల చిల్లర, పరుగెత్తడానికి వెళ్ళాను. మా ఊరి లెక్క ప్రకారం 2 గంటల 10 నిమిషాల్లో ముగించాలి. మొదటి అయిదు కిలోమీటర్లు ఆ లెక్కనే 30 నిమిషాల్లో లాగాను. పదో కిలోమీటరుకు ఊపిరి ఆడలేదు. పద్నాలుగు దాటాక నడకే. చివరకు 2 గంటల 52 నిమిషాలు. ఆ దారిలో ఫ్లయ్ఓవర్లు, ఎత్తుపల్లాలు ఎక్కువ. ఇంటికొచ్చి, "మనది బల్లపరుపు నేల, అక్కడివి కొండలు. అదే తేడా" అని అందరికీ చెప్పాను. నేనూ నమ్మాను. చదునైన చోట కూడా కిలోమీటరు పలకలు నా లెక్కకంటే ఆలస్యంగానే వచ్చాయన్న సంగతి గమనించి కూడా పక్కన పెట్టాను.

అదే సంవత్సరం నవంబరులో నర్సు సోదరి విశాఖ నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్లు పరుగెత్తింది. మొదటి సగం 38 నిమిషాల 50 సెకన్లు, రెండో సగం 39 నిమిషాల 10 సెకన్లు. మొత్తం గంటా పద్దెనిమిది నిమిషాలు. వెళ్ళేముందు ఆమె చెప్పింది కూడా గంటా పద్దెనిమిదే. అప్పుడైనా నేను ఆలోచించి ఉండవలసింది.

ఇప్పుడు ఆ కుర్రవాడి సంగతి. కానిస్టేబుళ్ళ నియామక ప్రకటన 2022 నవంబరులో వచ్చింది. ప్రాథమిక పరీక్ష 2023 జనవరిలో జరిగింది. అతడు ఉత్తీర్ణుడయ్యాడు. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర మొదలయ్యాయి. దాదాపు రెండేళ్ళు అతడు నా వెంట పరుగెత్తాడు. వాళ్ళమ్మ పత్తి తీసిన కూలి డబ్బుతో బూట్లు కొనిపెట్టింది. పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి. స్త్రీలకు 10 నిమిషాల 30 సెకన్లు. మా రాయి దాకా అతడు 7 నిమిషాల 40 సెకన్లలో వచ్చేవాడు. "ఇరవై సెకన్లు చేతిలో ఉన్నాయిరా, భయపడకు. ముందే లాగేసెయ్" అని నేనే చెప్పి పంపాను.

అతడు నా మాట విన్నాడు. నాలుగు వందల మీటర్ల చుట్లు నాలుగు. మొదటిది 1 నిమిషం 38 సెకన్లు. రెండోది సరిగ్గా 2 నిమిషాలు. మూడోది 2.15. నాలుగోది 2.16. మొత్తం 8 నిమిషాల 9 సెకన్లు. తొమ్మిది సెకన్లలో రెండేళ్ళు పోయాయి.

వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ నన్నేమీ అనలేదు. "మీరు మాత్రం ఏం చేస్తారయ్యా" అన్నది. ఆ మాట నన్ను నిద్రపోనియ్యలేదు. నేనేం చేశానో చూద్దామని మర్నాడు బడి నుంచి ముప్పై మీటర్ల టేపు తెచ్చి, గుమాస్తాగారిని తోడు పెట్టుకుని, గేటు నుంచి రాయి దాకా కొలిచాను. 1504 మీటర్లు.

లెక్కల మాస్టార్ని గనుక తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది. మోటారు సైకిలు మీటరులో చివరి అంకె నూరు మీటర్లకొకసారి మారుతుంది. ఆ అంకె మారబోయే క్షణంలో నేను బండి కదిలించాను. నాలుగడుగులు వేయగానే ఒక అంకె మారింది. దాన్ని నూరు మీటర్లుగా లెక్కపెట్టాను. ఆరో తరగతి పిల్లవాడికి నేను చెప్పే పాఠమే అది. 1504 మీటర్లు 7 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తేవాడు 1600 మీటర్లు ఎంతలో పరుగెత్తుతాడు? కాగితం మీద వేశాను. 8 నిమిషాల 9 సెకన్లు. ఆ అబ్బాయి ఆ రోజు బాగా పరుగెత్తలేదని ఊరంతా అన్నారు. కాదు. రోజూ ఎంత పరుగెత్తేవాడో ఆ రోజూ అంతే పరుగెత్తాడు. కొరత అతని కాళ్ళలో ఉంది, నిజమే. కాని ఆ కొరత ఉన్నదని రెండేళ్ళపాటు అతనికి తెలియకుండా చేసింది నా రాయి.

ఆ తర్వాత దారులు ఎలా కొలుస్తారో చదివి తెలుసుకున్నాను. పెద్ద పందేలకు మోటారు మీటరును నమ్మరు. ఉక్కు టేపుతో కొలిచిన తిన్నని రోడ్డు మీద ముందుగా ఒక సైకిలును నడిపి, చక్రం ఎన్ని మార్లు తిరిగితే ఎంత దూరమో సరిచూసుకుంటారు. ఆ సైకిలుతోనే దారి కొలుస్తారు. ఇంత చేసి కూడా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లయితే మరో 42 మీటర్లు చేరుతాయి. పొరపాటు ఉంటే దూరం ఎక్కువ కావాలే గాని, తక్కువ కాకూడదని వారి నియమం. మన పెద్దలు ధాన్యం కొలిచేటప్పుడు కుంచం మీద గోపురం పెట్టి పోసేవారే, అటువంటిది. యార్డులో తేమ కాయను తూకం వేస్తే ఆ వేళకు బరువు తూగుతుంది, ఆరాక ఎవరో ఒకరు నష్టపోతారని గుమాస్తాగారు ఎప్పుడూ అంటారు. సామెతల గ్రంథంలో తూకాల గురించిన మాట మీ అందరికీ తెలుసు. అది కొట్టువారికి చెప్పిన మాట అనుకునేవాణ్ణి. నా సున్నపు రాయికి కూడా వర్తిస్తుందని అప్పుడు తెలిసింది.

1908 జూలైలో లండన్ ఒలింపిక్సులో డొరాండో పియెట్రి అనే ఇటలీ దేశస్థుడు మారథాన్‌లో అందరికంటే ముందుగా స్టేడియంలోకి వచ్చాడు. వచ్చి పడిపోయాడు. లేచాడు, మళ్ళీ పడ్డాడు. చూడలేక అధికారులు అతణ్ణి లేపి గీత దాటించారు. పరుల సాయం పొందాడు గనుక అతణ్ణి పోటీ నుంచి తొలగించారు. పతకం అమెరికా దేశస్థుడైన హేస్‌కు దక్కింది. మరునాడు అలెగ్జాండ్రా రాణి పియెట్రికి ఒక కప్పు బహూకరించింది. అక్కడ సాయం చేసినవారు చెడ్డవారు కారు. వారిది దయే. కాని ఆ దయ అతణ్ణి గెలిపించలేకపోయింది. నా రాయి కూడా అలాంటి దయే. గీత రాకముందే గీత వచ్చిందని ఆ అబ్బాయికి రోజూ చెప్పింది. సాయం చేయవలసింది పందెం నాడు కాదు, సాధన నాడు. సాధన నాడు చేయగల సాయం నిజం చెప్పడమే.

మన పెద్దలలో ఒకరు నన్ను నిలదీసిన ప్రశ్న ఉన్నది. "ఏమయ్యా మాస్టారూ, ఆదివారం ఆరాధన మాని పందెమా?" అన్నారు. ఎరిక్ లిడెల్ సంగతి మీలో చాలామంది విని ఉంటారు. 1924 పారిస్ ఒలింపిక్సులో నూరు మీటర్ల తొలి పోటీలు ఆదివారం పడ్డాయని ఆయన వాటిలో పాల్గొనలేదు. అయితే ఆ సంగతి ఆయనకు నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ 400 మీటర్లకు సాధన చేశాడు. 47.6 సెకన్లలో స్వర్ణ పతకం గెలిచాడు. తరువాత చైనాలో మిషనరీగా పనిచేసి, 1945లో అక్కడి నిర్బంధ శిబిరంలో కన్నుమూశాడు. నేను ఆయనంతటివాణ్ణి కాను. మా గుంపు ఆదివారం పరుగెత్తదు. ఏడాదికి ఒక్క ఆదివారం నేను హైదరాబాదు వెళతాను, సాయంకాలం ఆరాధనకు అక్కడి గుడికి పోతాను. ఆ పెద్దాయన ఈ జవాబును ఇంకా ఒప్పుకోలేదు. నేనూ వాదించలేదు. లిడెల్ దగ్గర నేను నేర్చుకున్నది మరొకటి. మనసులో నిశ్చయం చేసుకున్నవాడు ఆ నిశ్చయానికి తగిన సాధన కూడా చేయాలి.

ఇప్పుడు మా పద్ధతి మార్చుకున్నాం. సోమ, బుధ, శుక్రవారాలు పక్కవారితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తుతాం. మంగళవారం బడి మైదానంలో 400 మీటర్లు ఆరు మార్లు, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. శనివారం దూరం. గురువారం విశ్రాంతి. మొదటి చుట్టు ఎవరూ ముందుకు దూకకూడదు. ఎనిమిది నిమిషాలంటే చుట్టుకు రెండు నిమిషాలు. మొదటి చుట్టులో మిగిల్చిన బలమే చివరి చుట్టులో అక్కరకొస్తుంది. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు డాక్టరుగారిని అడగకుండా ఖాళీ కడుపుతో పరుగెత్తవద్దని కూడా మనవి చేస్తున్నాను. నా ఫలితం అడిగితే, 2024లో 2 గంటల 41 నిమిషాలు. కొలత సరిచేసుకుని, నెమ్మదిగా మొదలుపెట్టిన తర్వాత 2025 ఆగస్టులో 2 గంటల 33 నిమిషాలు. ఫ్లయ్ఓవర్లు అలాగే ఉన్నాయి.

కొలిచిన మర్నాడే ఆ అబ్బాయి దగ్గరకు వెళ్ళి 1504 అని చెప్పాను. క్షమించమన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "రాయి ఇంకా అక్కడే ఉందా మాస్టారూ?" అన్నాడు. ఉన్నదన్నాను. "మా వెనక నలుగురు పిల్లలు పరుగెత్తుతున్నారు. పదండి" అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి రాయి పెకలించి, వంతెన దాటించి, తొంభై ఎనిమిది మీటర్లు అవతల పాతాం. రెండు మీటర్లు ఎక్కువే పెట్టాం. సున్నం అతడే పూశాడు.

అతడు ప్రస్తుతం కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు మోస్తున్నాడు. మళ్ళీ ప్రకటన వస్తే వెళతానంటాడు. కొత్త రాయి దాకా అతని సమయం మొన్న 7 నిమిషాల 44 సెకన్లు. ఈసారి గడియారం నర్సు సోదరి చేతిలో ఉంది.

యువజనులారా, మీ పిల్లలకు, తమ్ముళ్ళకు, విద్యార్థులకు మీరు కూడా ఎక్కడో ఒకచోట రాయి పాతుతారు. వారు దాన్ని నమ్మి పరుగెత్తుతారు. దయచేసి ఒక్కసారి టేపు పెట్టి కొలవండి.