చిన్న కుక్కపిల్లే కదా అనుకోవద్దు

 

ఒక ఇంట్లో కుక్కపిల్లను పెంచుతున్నారు. మహా అల్లరిది. చెప్పులు ఎత్తుకుపోతుంది. చీర కొంగు పట్టి లాగుతుంది. ఒకరోజు ఆటలో పిల్లవాడి చేయి కొరికింది. గాటు పడింది. నెత్తురు వచ్చింది.

"పసిది. దానికి పిచ్చేమిటే? కాస్త పసుపు అద్దు" అంది అత్త.

"వద్దత్తా" అంది కోడలు. పిల్లవాణ్ణి కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడిగింది. కట్టు కట్టలేదు. వెంటనే సర్కారు ఆసుపత్రికి పోయింది.

ఆమె చేసిందే సరైన పని. పిచ్చికుక్క జబ్బును రేబిస్ అంటారు. జబ్బున్న కుక్క చొంగలో ఆ విషక్రిమి ఉంటుంది. కుక్కపిల్లకూ ఈ జబ్బు రావచ్చు. మనిషిలో జబ్బు బయటపడితే ఇక బతకడం కష్టం. ముందే సూదులు వేయిస్తే ప్రాణం దక్కుతుంది.

గాయానికి పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. బొడ్డు చుట్టూ 14 సూదులని భయపడకూడదు. అవి ఇప్పుడు లేవు. చేతికే వేస్తారు. నెత్తురు వస్తే గాయం దగ్గర ఇంకో మందు కూడా వేస్తారు.

కుక్కపిల్లను తరిమెయ్యకూడదు. కట్టేసి 10 రోజులు కనిపెట్టి చూడాలి. అది జబ్బుపడినా, చచ్చిపోయినా డాక్టరుకు చెప్పాలి. డాక్టరు చెప్పకుండా సూది ఆపకూడదు. మూడు నెలలు నిండిన కుక్కపిల్లకు పశువుల ఆసుపత్రిలో టీకా వేయించాలి. ఆపైన ఏటా వేయించాలి.

ఆసుపత్రిలో చీటీ మీద తేదీలు రాసిచ్చారు. కోడలు కూడబలుక్కుని చదివింది. చీటీని గోడకు అంటించింది. ఒక్క తేదీ కూడా తప్పలేదు.