అద్దె ఎంత? చేతికి మిగిలేదెంత?
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ముతో ఫ్లాటు కొని అద్దెకిస్తే మరో పెన్షను వచ్చినట్లేనని మనలో చాలామంది నమ్మకం. స్థలాలు చౌకగా దొరికిన రోజుల్లో అది నిజమే. తరువాత ఇళ్ల ధరలు పెరిగినంతగా అద్దెలు పెరగలేదు.

60 లక్షల ఫ్లాటుకు నెలకు 15 వేలు అద్దె అనుకుందాం. ఏడాదికి 1,80,000. ఒక నెల ఖాళీ, ఇంటిపన్ను, రంగులు, మరమ్మతులు కలిపి 40 వేలు పోతే మిగిలేది 1,40,000. రెండున్నర శాతం కూడా లేదు. అదే సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో, 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన 8.2 శాతం ప్రకారం, అందులో సగమైన 30 లక్షలకే ఏడాదికి 2,46,000 వడ్డీ.

అద్దె ఇంటికీ మేలు లేకపోలేదు. అద్దె కాలంతోపాటు పెరుగుతుంది. ఆదాయపు పన్నులో ఇంటిపన్ను పోను మిగిలిన అద్దెపై 30 శాతం మినహాయింపు ఉంది. కనుక ఉన్న ఇంటిని అమ్మమని నేను చెప్పను. ఉన్న సొమ్మంతా పెట్టి, పైగా అప్పు చేసి కొత్తది కొనవద్దంటాను. 2020లో ఐ.టి. ఉద్యోగులు సొంత ఊళ్లకు వెళ్లినప్పుడు మాదాపూర్, గచ్చిబౌలిలలో ఫ్లాట్లు ఖాళీ పడ్డాయి. అప్పులపై వడ్డీ మాత్రం ఆగలేదు.

మన తదనంతరం జీవిత భాగస్వామికి అందేది సాధారణంగా ఆఖరి మూల వేతనంలో 30 శాతం కుటుంబ పెన్షను. ఫ్లాటు ఎంత విలువైనదైనా మందుల షాపులో చెల్లదు. ఇంటి ఖర్చు, మందుల ఖర్చు పెన్షను, వడ్డీలతో గడిచేలా చూసుకుని, అద్దెను అదనంగా భావించండి. ఆ లెక్క ఇంట్లోవారికి కూడా తెలియజేయండి.